ఆకునకు గంటము, కడితమునకు బలపము

(గోరంట్ల గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయపు ఉత్సవమున మాటలాడుటకు నన్ను పిలుచుట మీ యభిమానముచేతనే గాని నా యోగ్యతచేత గాదని యెఱుగుదును. నేను పండితుడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, రాత్రులు నిఘంటువును ప్రక్కన బెట్టుకొని భారత భాగవతములను స్వయముగా చదువుకొన్నవాడను. నాకు ముందు మాటలాడిన పెద్దలు గ్రంథముల మహిమను చక్కగా సెలవిచ్చిరి. నేను మన గ్రంథాలయమున నున్న కంప్యూటరును గూర్చి, అందును మిక్కిలి చిన్నదిగా కనబడు నొక విషయమును గూర్చి విన్నవింపదలచితిని. ఏ ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవవలెనను నిర్ణయము ఎవరిది? ఆ నిర్ణయమును నిలుపుకొనుట యెట్లు?

ఇది యంత్రము తెలిసినవారి గొడవ, మనకేల యని యనుకొనవలదు. ఇది మన పూర్వులకు తెలిసిన విషయమే. 1984లో కరణీకములు రద్దగుటకు ఎంతో పూర్వము, మన సీమలో గ్రామపు లెక్కలు మూడు విధములైన వస్తువులమీద నడచినవి. మొదటిది తాటియాకు, రెండవది కడితము, మూడవది కాగితము. కడితమును నేటి పిల్లలు చూచియుండరు. గుడ్డకు చింతగింజల జిగురును, బొగ్గుపొడిని కలిపి పూసి, ఆరబెట్టి, మడతలు పెట్టిన నల్లని పుస్తకమది. దానిపై బలపముతో తెల్లగా వ్రాసెడివారు. వలయునపుడు తుడిచి మరల వ్రాసెడివారు. ఆకునకు గంటము, కడితమునకు బలపము, కాగితమునకు కలము. గంటముతో కడితమును గీచిన పూత లేచిపోవును. బలపముతో ఆకుపై వ్రాసిన అక్షరము నిలువదు. వస్తువునుబట్టి పనిముట్టును ఎన్నుకొనుట లెక్కలు వ్రాయువాని మొదటి విద్య.

కంప్యూటరులోని ఫైళ్ళును ఇట్టివే. పిడిఎఫ్ అనునది అచ్చుపుట వంటి పత్రము. టిఎక్స్‌టి అనునది వట్టి అక్షరములు. జెపిజి యనగా చిత్రము. సిఎస్‌వి యనగా కామాలతో వేరుపరచిన పట్టిక. ఫైలు పేరు చివర చుక్క పెట్టి వ్రాసిన ఈ తోకయే దాని జాతిని తెలుపును. ఏ తోక గల ఫైలు ఏ ప్రోగ్రామునకు చెందునో యంత్రము లోపల ఒక పట్టీ యుండును. మనము ఫైలుపై రెండుమార్లు నొక్కగానే యంత్రము ఆ పట్టీని చూచి, అందున్న ప్రోగ్రామును పిలుచును. దానినే డిఫాల్ట్ ప్రోగ్రాము అందురు.

వ్యాకరణము చదివినవారికి దీనిని సులువుగా చెప్పవచ్చును. సామాన్యవిధిని ఉత్సర్గమనియు, దానిని త్రోసి యొకచోట ప్రవర్తించు విశేషవిధిని అపవాదమనియు అందురు. అపవాదము లేనిచోటనెల్ల ఉత్సర్గమే చెల్లును. డిఫాల్ట్ అనునది ఉత్సర్గము. మౌసు కుడిమీట నొక్కి, 'ఓపెన్ విత్' అనుచోట ఒక్కసారికి వేరొక ప్రోగ్రామును ఎన్నుకొనుట అపవాదము. ఉత్సర్గమున కొక బలము కలదు: అది మనలను అడుగకయే పనిచేయును. దినమునకు నూరుమార్లు మన పేర నిర్ణయము చేయును. అట్టిదానిని మన యెఱుకలో ఉంచుకొనకున్న నేమగునో రెండు నిదర్శనములు చెప్పెదను.

మొదటిది మన వృత్తికి సంబంధించినది. ఒక గ్రామపు రైతుల పట్టిక సిఎస్‌వి రూపమున వచ్చెననుకొనుడు. అందు తెలుగు పేర్లు, ఖాతా సంఖ్యలు, సర్వే నంబర్లు కలవు. దానిపై రెండుమార్లు నొక్కినచో చాలచోట్ల ఎక్సెల్ తెరచును. ఫైలు మొదట యూనికోడు గుర్తు లేకున్న తెలుగు పేర్లు పిచ్చిగీతలవలె కనబడును. 0457 అను సంఖ్య 457 అగును. పదునేడంకెల సంఖ్య యున్నచో మొదటి పదునైదంకెలు నిలిచి, చివరి రెండును సున్నలగును. సర్వే నంబరు 12 లోని 3వ భాగమును మనము 12-3 అని వ్రాయుదుము గదా. అది మార్చి 12వ తేదీ యని యంత్రము తలచును. పొలము తేదీయై కూర్చుండును! కేవలము చూచి మూసివేసిన ఫైలునకు చెఱుపు లేదు. కాని అట్లే భద్రపరచినచో మూలమే మారిపోవును. ఆ పట్టిక ముందుకు పోయినపుడు ఆ రైతు పొలము ఏదో ఎవరికిని తెలియదు. అతడు కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును. తప్పెచ్చట పుట్టెనో చూపజాలడు.

ఇది పల్లెటూరివారికి మాత్రమే వచ్చు చిక్కు కాదు. మానవ జన్యువులకు పేర్లు పెట్టు హ్యూగో సంఘమువారు, మార్చ్1, సెప్ట్1 మొదలగు పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేయుచున్నందున, 2020 నాటికి ఆ పేర్లనే మార్చి మార్చ్ఎఫ్1, సెప్టిన్1 అని పెట్టుకొనిరి. శాస్త్రజ్ఞులంతటివారు తమ శాస్త్రనామములను యంత్రపు అలవాటునకు తగినట్లు దిద్దుకొనవలసి వచ్చెను. మనము సర్వే నంబర్లను మార్చుకొనజాలము. కాబట్టి పనిముట్టును మార్చుకొనవలెను. లిబ్రె ఆఫీస్ కాల్క్ అను ఉచిత ప్రోగ్రామును సిఎస్‌వి ఫైళ్ళకు డిఫాల్టుగా నుంచినచో, అది తెరచుటకు ముందే లిపి యేది, ఏ నిలువువరుసను అక్షరములుగా నుంచవలెనని అడుగును. సర్వే నంబరు వరుసను 'టెక్స్ట్' అని గుర్తించిన 12-3 పండ్రెండు-మూడుగానే యుండును. ఎక్సెల్‌లోను ఇట్టి మార్పులు కొన్నింటిని ఆపు ఏర్పాటు 2023లో వచ్చెను గాని, అన్నిటికిని అది చాలదు.

రెండవ నిదర్శనము ఇంకను భయంకరము. 2000 సంవత్సరము మే 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమునుండి ఒక పురుగు బయలుదేరి లోకమంతటి కంప్యూటర్లను ముట్టెను. అది ప్రేమలేఖ యను పేరుతో ఈమెయిలు వెంట వచ్చెను. ఫైలు పేరు చివర టిఎక్స్‌టి, దాని తరువాత విబిఎస్ అను రెండు తోకలుండెను. విండోస్ తనకు తెలిసిన తోకలను చూపక దాచు అలవాటు కలది. కావున చాలమందికి మొదటి తోక మాత్రమే కనబడి, ఇది వట్టి వ్రాత యని నమ్మిరి. విబిఎస్ ఫైలును తెరచు డిఫాల్ట్ ప్రోగ్రామో, దానిని చదివి చూపునది గాదు. అందలి ఆజ్ఞలను తు.చ. తప్పక నెరవేర్చునది. రెండుమార్లు నొక్కగానే పురుగు లేచెను. ఆ జాతి ఫైళ్ళకు నోట్‌ప్యాడును డిఫాల్టుగా పెట్టుకొనుడని నాడు కొందరు నిపుణులు చెప్పిరి. అట్లు చేసినవారికి ఆ లేఖ కేవలము చదువదగిన అక్షరములుగా కనబడును గాని పనిచేయదు. పామును బుట్టలో చూచుటకును చేతబట్టుటకును గల తేడా యిదియే. నేడు మన ఫోనులకు పెండ్లిపిలుపనియు, ప్రభుత్వ పథకమనియు పేరుపెట్టి వచ్చు ఏపీకే ఫైళ్ళును ఈ వంశమువే. తోకను చూడక తాకరాదు.

సరే, మంచి ప్రోగ్రామును ఎన్నుకొంటిమి. అది నిలుచునా? ఇక్కడనే అసలు చిక్కు. క్రొత్త ప్రోగ్రాము నెక్కించునపుడు అది, ఈ జాతి ఫైళ్ళన్నియు నావే యని పట్టీలో తన పేరు వ్రాసికొనజూచును. పాతకాలమున పొరుగువాడు గట్టు జరుపుకొన్నట్లు. దీనిని అరికట్టుటకు 2012లో వచ్చిన విండోస్ 8 నుండి, వాడుకరి ఎన్నికకు ప్రక్కన ఒక రహస్యపు ముద్రను యంత్రము వ్రాసిపెట్టుచున్నది. ముద్ర సరిపోలకున్న ఆ ఎన్నికను త్రోసివేయును. దీనివలన ఇతర ప్రోగ్రాముల దొంగచేతలు తగ్గినవి. అయితే యజమానియే, అనగా విండోస్ తానే, పెద్ద నవీకరణల సమయమున డిఫాల్టులను మార్చుట యుండెను.

2015 జూలైలో విండోస్ 10 వెలువడినపుడు, ఫైర్‌ఫాక్సును తయారుచేయు మొజిల్లా సంస్థ అధిపతి క్రిస్ బియర్డ్, జూలై 30వ తేదీన మైక్రోసాఫ్ట్ అధిపతికి ఒక బహిరంగ లేఖ వ్రాసిరి. వాడుకరులు మునుపు చేసికొనిన ఎన్నికలను ఈ నవీకరణము త్రోసివేయుచున్నదనియు, వానిని మరల నిలుపుకొనుట సామాన్యులకు కష్టమైనదనియు దాని సారాంశము. నవీకరణ సమయముననే గాక తరువాతను డిఫాల్టులను ఎన్నుకొనవచ్చునని మైక్రోసాఫ్ట్ వారు సమాధానమిచ్చిరి. ఆ లేఖ చేరిన అధిపతి ఎవరనుకొన్నారు? సత్య నాదెళ్ళ. హైదరాబాదున జన్మించినను, వారి తండ్రి, ఐ.ఏ.ఎస్. అధికారి బి.ఎన్. యుగంధర్ గారి స్వగ్రామము అనంతపురం జిల్లా బుక్కాపురము. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడువరకు మన గోరంట్లయు ఆ జిల్లాలోనిదే గదా! మన జిల్లా మూలములు గలవారిని మన చిన్న సమస్యపై లోకము ప్రశ్నించెనని చెప్పుట నిందించుటకు గాదు; ఈ ప్రశ్న మనకు దూరపుది కాదని చూపుటకు మాత్రమే. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11లో మొదట ఒక్కొక్క తోకకు వేర్వేరుగా ప్రోగ్రామును ఎన్నుకొనవలసి యుండెను. అభ్యంతరములు వచ్చిన పిమ్మట 2022లో బ్రౌజరుకైనను ఒక్క మీటతో మార్చుకొను వీలును మరల కల్పించిరి.

ఈ చిన్న పట్టీకి ఇంత పెనుగులాట ఏల? వెదకుటకు తమ యంత్రమే డిఫాల్టుగా నుండుటకై గూగుల్ సంస్థ 2021 ఒక్క సంవత్సరముననే ఇతర సంస్థలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానమున వెల్లడియైనది. ఒప్పందముల ద్వారా ఆ సంస్థ గుత్తాధిపత్యమును నిలుపుకొన్నదని 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి తీర్పు చెప్పిరి. మన దేశమున కాంపిటీషన్ కమిషను 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయమై అదే సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, కొన్ని మార్పులను ఆదేశించెను. 2023 జనవరిలో భారతీయులకు డిఫాల్ట్ శోధనయంత్రమును ఎన్నుకొను వీలు కల్పింతుమని ఆ సంస్థ ప్రకటించెను. మనుష్యుడు ముందున్నదానినే వాడును, మార్చుకొనడు అను నమ్మకమునకు పలికిన ధర యిది. మన అలవాటునకు ఇంత వెల కట్టువారున్నపుడు, మనము దానిని ఉచితముగా వదలుట తెలివి యగునా?

ఇక నిలుపుకొను విధము. విండోస్ 11లో సెట్టింగ్స్‌లో యాప్స్ అనుచోట డిఫాల్ట్ యాప్స్ కలదు. అచ్చట పైనున్న గడిలో తోకను వ్రాసిన, ఇప్పుడు దానికి ఏ ప్రోగ్రాము నియమింపబడినదో కనబడును, నచ్చకున్న మార్చవచ్చును. లేదా ఫైలుపై కుడిమీట నొక్కి, ఓపెన్ విత్ ద్వారా ప్రోగ్రామును చూపి, 'ఆల్వేస్' అనవలెను. 'జస్ట్ వన్స్' అనిన అది ఆ ఒక్కసారికే. ఆండ్రాయిడ్ ఫోనులోను ఈ రెండు మాటలే కనబడును. తొందరపడి 'ఆల్వేస్' అన్నచో, ఆ యాప్ సెట్టింగ్సులో 'ఓపెన్ బై డిఫాల్ట్' అనుచోటికి పోయి రద్దుపరచుకొనవచ్చును. లినక్సు వాడువారికి మరింత సులువు. వారి ఎన్నికలన్నియు మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అను వట్టి అక్షరముల ఫైలులో నుండును. దానిని నకలు తీసి దాచుకొనిన చాలును. విండోసులోను డిజ్మ్ అను పనిముట్టుతో డిఫాల్టుల పట్టీని ఒక ఫైలుగా ఎత్తి వ్రాసికొనవచ్చును. దానిని మరల ఎక్కించిన క్రొత్తగా ప్రవేశించు వాడుకరులకు వర్తించునే గాని, ఇదివరకే ఉన్నవారికి వర్తింపదని మరువరాదు. అన్నిటికంటె ముందు, ఫైళ్ళను చూపు కిటికీలో 'వ్యూ' క్రింద తోకలను చూపుమని యంత్రమునకు చెప్పవలెను. జాతి తెలియనిదే పనిముట్టును ఎన్నుకొనుట యెట్లు?

ఇంత శ్రమ ఏల, యంత్రముతో వచ్చినదానినే వాడుకొందమని కొందరనవచ్చును. అందును న్యాయము కలదు. చిత్రములు చూచుటకు, పాటలు వినుటకు ఏ ప్రోగ్రామైనను ఒకటే. అన్నిటిని మార్చుచు కూర్చున్నవాడు పని చేయడు. ఏ ఫైలు చెడిన మనుష్యునకు నష్టము కలుగునో, దానియందు మాత్రము పట్టుదల యుండవలెను. లెక్కల పట్టికలు, తెలుగు వ్రాతలు, ముద్ర గల పత్రములు, తమంత తాము పనిచేయు ఫైళ్ళు: ఈ నాలుగింటి విషయమున ఉత్సర్గము మనదై యుండవలెను. ముద్ర గల పత్రములనుటకు కారణము కలదు. డిజిటల్ సంతకము గల ధ్రువపత్రమును కొన్ని ప్రోగ్రాములు చూపును గాని, సంతకము నిజమో కాదో పరీక్షింపవు. పరీక్షించు ప్రోగ్రామునే అట్టి పనికి నియమించుకొనుట మేలు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. మన కంప్యూటరు ప్రక్కన ఒక అట్టపై నాలుగు గళ్ళ పట్టీ వ్రాసి తగిలింపుడు: తోక, మనము ఎన్నుకొన్న ప్రోగ్రాము, ఎన్నుకొన్న కారణము, చివర సరిచూచిన తేదీ. పెద్ద నవీకరణము జరిగిన ప్రతిసారియు, క్రొత్త ప్రోగ్రామును ఎక్కించిన ప్రతిసారియు ఒకరు దానితో సరిచూడవలెను. పది నిమిషముల పని. కారణమును వ్రాయుట మరువవలదు. కారణము తెలియని నియమమును తరువాత వచ్చువాడు తీసివేయును. యంత్రములు మారును, ప్రోగ్రాములు మారును, నేను నేర్పిన మీటల పేర్లును రేపు మారవచ్చును. వ్రాసిపెట్టిన కారణము మాత్రము క్రొత్త యంత్రమునకును పనికివచ్చును. కంప్యూటరు చూడవచ్చు పిల్లలకు ఆ అట్టయే మొదటి పాఠము కాగలదు.

లెక్కలు వ్రాయువాడు ఇంతకంటె గొప్ప మాట చెప్పజాలడు. చిత్రావతి తీరమున నున్న మన ఊరి గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక! నాడు దీనిలోని పుస్తకములను, ఫైళ్ళను తెరచు పిల్లలకు, నేడు మనము వ్రాసిన అక్షరము అక్షరముగానే, అంకె అంకెగానే కనబడుగాక!