పసిబిడ్డల బెంగ – పెద్దల బాధ్యత
(ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సమయములో మమ్మల్ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. నూరేళ్ళ చరిత్ర చెప్పటానికి పెద్దలున్నారు. మేము ఒకటి నుండి ఐదవ తరగతి వరకు పాఠాలు చెప్పుకునేవాళ్ళము. గనుక మేము పిల్లల కడుపునొప్పి గురించి చెబుతాము.

ఆదివారము సాయంత్రము దాకా ఆడిన పిల్లవాడికి సోమవారము ఉదయము బడి వేళకు కడుపునొప్పి వస్తుంది. ముందు డాక్టరుకు చూపించాలి. నులిపురుగులు ఉండవచ్చు, మరొకటి ఉండవచ్చు. ఏమీ లేదని డాక్టరు చెప్పగానే మనము "వేషాలు" అంటాము. అది వేషము కాదు. భయము కలిగినప్పుడు గుండె వేగముగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల మందగిస్తుంది. కడుపు నిజముగానే నొస్తుంది. పెద్దవాడు "మనసు బాగాలేదు" అని చెప్పుకుంటాడు. ఏడేళ్ళవాడికి ఆ మాట రాదు, వాడి పొట్ట చెబుతుంది. గోళ్ళు కొరకటము, మానిన అలవాటు తిరిగి వచ్చి పక్క తడపటము, అమ్మ కొంగు వదలకపోవటము కూడా బెంగకు గుర్తులు కావచ్చు.

ఈ వయసులో బెంగలేమిటని అడుగుతారు. మన నల్లరేగడి నేలలో వాటికి కొదవ లేదు. మిరప కోతలకు అమ్మానాన్నలు వలస పోతే అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్ల, "అమ్మ ఎప్పుడొస్తుంది" అని అడిగి అడిగి ఊరుకుంటుంది. నవోదయ ప్రవేశ పరీక్షకు కూర్చునేది ఐదవ తరగతి పిల్లలు. "సీటు రాకపోతే పరువు పోతుంది" అన్న మాట పదేళ్ళవాడి నెత్తిన మోపుతాము. వీటన్నిటికంటె బరువైనది, ఇంట్లో పెద్దలు అప్పుల గురించి మాట్లాడుకునే మాట.

2021-22లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడింది. పూత రాలిపోయింది. ఎన్నిసార్లు మందు కొట్టినా లొంగలేదు. కౌలు, ఎరువు, మందుల అప్పులు మిగిలాయి. ఆ ఏడు మా తరగతిలో మూడవ తరగతి పిల్లవాడొకడు బడికి రావటము మానేశాడు. రోజూ కడుపునొప్పే. మేము మందలించాము. పిల్లలను పంపి పట్టి తెప్పించాము. గుమ్మము దాకా వచ్చి ఇంటికి పరుగెత్తేవాడు. మొండివాడని మేమే పేరు పెట్టాము.

చివరకు వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఒక రాత్రి తండ్రి, పిల్లలు నిద్రపోయారనుకొని, "ఈ మందేదో నేనే తాగితే తీరిపోతుంది" అన్నాడట. పిల్లవాడు విన్నాడు. మరునాడు పురుగుమందు డబ్బాను గడ్డివాములో దాచాడు. అప్పటినుండి నాన్నను కనిపెట్టుకొని ఇంట్లోనే ఉన్నాడు. ఎనిమిదేళ్ళవాడు కాపలా కాస్తుంటే, మేము వాడిని బడి దొంగ అన్నాము. ఆ తప్పు మాది. ఈ సభలో ఒప్పుకుంటున్నాము.

ఆ తరువాత ఏమి చేశామో చెబుతాము. ఇతరులకు పనికి వస్తుంది.

మొదట తండ్రితో కూర్చొని మాట్లాడాము. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాము. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజము కాదు. అడిగితే మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆయనను ఆసుపత్రికి తోడుగా తీసుకొని వెళ్ళాము. మందు డబ్బాలు ఇంట్లోనుండి తీయించి, వేరే చోట తాళము వేసి పెట్టించాము.

రెండవది, తండ్రి చేతనే బిడ్డకు చెప్పించాము: "అప్పు ఉన్నది నిజము. తీర్చుకునే పని పెద్దవాళ్ళది. నన్ను కనిపెట్టుకోవటానికి పెద్దవాళ్ళున్నారు. నీ పని బడికి పోవటము." "ఏమీ లేదులే" అని దాస్తే పిల్లలు నమ్మరు. వాళ్ళు విన్నది విన్నారు.

మూడవది, మెల్లగా బడికి అలవాటు చేశాము. మొదటి వారము మధ్యాహ్న భోజనము వరకే. పై వారము చివరి గంట వరకు. భయమేసిందని పూర్తిగా ఇంట్లో ఉంచితే, ఆ పూటకు తేలికగానే ఉంటుంది గాని మరునాటికి భయము పెరుగుతుంది. ఒక్కసారి బలవంతముగా తోసినా పెరుగుతుంది. మెట్టు మెట్టుగా ఎక్కించాలి.

నాలుగవది, ఊపిరి. వేడి అన్నము ముద్దను ఊదుకున్నట్లు, మెల్లగా, పొడుగుగా ఊదమన్నాము. గుండె దడ తగ్గుతుంది. తరగతి అంతటికీ నేర్పాము. ఇప్పుడు లెక్కల పరీక్షకు ముందు వాళ్ళంతట వాళ్ళే ఊదుకుంటున్నారు.

వలస వెళ్ళే తల్లిదండ్రులకు ఒక మనవి. చెప్పకుండా తెల్లవారుజామున వెళ్ళిపోకండి. ఏ ఊరు పోతున్నారో, ఎప్పుడు వస్తారో చెప్పండి. ఫలానా వేళకు ఫోను చేస్తామంటే ఆ వేళకు తప్పక చేయండి.

ఇంకొక మాట. అన్నము తినకపోతే బూచాడు, అల్లరి చేస్తే పోలీసు, ఏడిస్తే సూది, మాట వినకపోతే మేష్టారు. పిల్లలను పెంచటానికి మనము వాడే పనిముట్లన్నీ భయాలే. భయపెట్టి పెంచి, తరువాత "పిరికివాడు" అంటే న్యాయమా? బడిలో కొట్టటము, మానసికముగా వేధించటము 2009 విద్యా హక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము నిషిద్ధము. ఇది మా ఉపాధ్యాయులకు మేము చెప్పుకునే మాట.

"ప్రార్థన చేయండి, పోతుంది" అనే పెద్దలున్నారు. ప్రార్థన చేద్దాము. దానితోపాటు బిడ్డ చెప్పేది కూడా విందాము. తిండి, నిద్ర, చదువు, ఆట కొన్ని వారాలపాటు దెబ్బతింటే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, 14416 నంబరుకు, రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

ఆ పిల్లవాడు ఇప్పుడు పై తరగతులకు పోయాడు. తండ్రి ఇప్పటికీ కౌలుకు మిరపే వేస్తున్నాడు. అప్పు తీరలేదు. పిల్లవాడు మాత్రము బడి మానలేదు. ఈ రాత్రి మీ ఇంట్లో దీపము ఆర్పి అప్పుల లెక్క మాట్లాడుకునే ముందు, పక్క గదిలో ఎవరు మేలుకొని ఉన్నారో ఒకసారి చూడండి. మేము కోరేది అంతే.