చిల్లర సంగతులు



మా బల్లమీద ఒక తట్ట యున్నది. దానికి మేము పెట్టుకొన్న ముద్దుపేరు "చిల్లర". శ్రోతలు వ్రాయు ఉత్తరములలో ఏ శీర్షిక క్రిందికిని రానివి, ఏ ప్రసంగకర్తకును అప్పగింప వీలులేనివి, అట్లని చింపివేయుటకు మనసొప్పనివి అందులో చేరుచుండును. వ్యవసాయమునకు ఒక విభాగమున్నది. ఆరోగ్యమునకు ఒకటి, స్త్రీలకు ఒకటి, బాలలకు ఒకటి. కాని, మా వీధి కుక్కలు పోస్టుమానును ఏమియు ననవు, కరెంటు బిల్లు తెచ్చువానిని మాత్రము తరుముచున్నవి, కారణమేమని యడిగిన పెద్దమనిషిని ఏ విభాగమునకు పంపవలెను? పశువైద్యమునకా, విద్యుచ్ఛక్తికా? ఆయన ఉత్తరము చిల్లరలో పడినది.

నేటి ప్రసంగము ఆ తట్టను గూర్చియే. నిజమునకు, అందులో ఐదు నెలలు పడియుండిన ఒక పోస్టుకార్డును గూర్చి.

ఆ కార్డు బి.కొత్తకోటనుండి వచ్చినది. "బి" యనగా బీరంగి. బీరంగి కొత్తకోట మదనపల్లెకు పొరుగూరు, హార్స్‌లీ కొండకు దాపు. వ్రాసినది ఒక స్త్రీ. ఆమె పేరు చెప్పము. ఏల చెప్పమో మీకే తెలియును. ఊరి పేరు చెప్పుటకు మాత్రము ఆమెయే అనుమతించినది. "ఊరు పెద్దదే లేండి" అన్నది. కార్డులోని మాటలను ఆమె వ్రాసినట్లే చదువుచున్నాము:

"అయ్యా, మీరు దినామూ పెద్ద పెద్ద సంగతులు చెప్తా ఉండారు. మావి చిన్నవి. ఒకటి, కొండమింద నీలగిరి చెట్టుకు కల్యాణి అని ఆడపేరు పెట్టినారు గదా, కొండకు మాత్రం దొరపేరు ఏందికి? రెండు, టమోటా రెన్నూరు అయినప్పుడు దేశమంతా మాట్లాడె. పారబోసుకున్నప్పుడు ఎవురూ మాట్లాడరే? మూడు, మదనపల్లెలో జనగణమనకు సొరం రాసిన దొరసాని ఏ దేశం మనిషి? ఇంగ్లీషామె అని నేను, కాదు అని మా పాప. పందెం కట్టుకోని ఉండాం."

చదివి నవ్వుకొంటిమి. ముచ్చటగా నున్నదనుకొంటిమి. తట్టలో వేసితిమి.

ఇప్పుడు మూడింటికిని వరుసగా సమాధానము చెప్పుట మా ధర్మము. ఆలస్యమునకు క్షమింపుడు.

కొండకు మొదటి పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను పసిపాపను ఏనుగులే మేపి పెంచినవని, ఆమె చెట్టుమందులతో జనుల రోగములు కుదిర్చెడిదని, ఒకనాడు కానరాకుండ పోయినదని ఆ చుట్టుప్రక్కల చెప్పుకొందురు. ఆమెకు కొండమీద గుడియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర ఆ చల్లదనమును మెచ్చి అచ్చట వేసవి విడిది కట్టుకొనెను. మదనపల్లె సీమ కడప జిల్లాలోనిదిగా నుండిన కాలమది. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. ఆ దొర వేసవులు గడచిపోయినవి, పేరు నిలిచినది. కల్యాణి యను నీలగిరి వృక్షమును 1859లో నాటిరని చెప్పుదురు. అది మన నేలది కాదు, ఆస్ట్రేలియా జాతిది. పరదేశపు చెట్టునకు తెలుగు పేరు, తెలుగు కొండకు పరదేశి పేరు! అమ్మా, మీ ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానము మావద్ద లేదు. పటములు గీయువారివద్ద నుండవచ్చును.

రెండవది టమోటా. 2023 జూలై మాసాంతమున మదనపల్లె మార్కెట్టులో మేలురకము కిలో 200 రూపాయల దరికి చేరినది. ఢిల్లీ పత్రికలు సైతము మదనపల్లె పేరు వ్రాసినవి. టమోటా లేని చారు ఎట్లు కాచవలెనని నగరములలో చర్చలు జరిగినవి. మేమును ఒకటి జరిపితిమి, చింతపండు పక్షమున. కొన్ని వారములు గడచునప్పటికి ధర కూలినది. సెప్టెంబరులో రాయలసీమ రైతులు కోతకూలి, బాడుగ గిట్టక కాయలను రోడ్డుప్రక్కన పారబోసిరి. అప్పుడు మా చర్చలేవి? సాయంకాలము బజారు ధరలు చదువునప్పుడు రెండువందలను ఏ గొంతుతో చదివితిమో, ఐదును ఆ గొంతుతోనే చదివితిమి. అంకె మారినది, గొంతు మారలేదు. నిష్పాక్షికత యని మేము దానికి పేరు పెట్టుకొంటిమి. కొత్తకోటలో దానిని మరియొక పేరుతో పిలుచుచుందురేమో.

ఇక దొరసాని. పందెము పాపదే. మార్గరెట్ కజిన్స్ గారు ఇంగ్లీషువారు కారు, ఐరిష్ వారు. ఐర్లండులోని రాస్‌కామన్ ప్రాంతపు బోయిల్ పట్టణము వారి జన్మస్థానము. భర్త జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్టు నగరమున పుట్టిన కవి. ఇరువురును శాకాహారులు, మాంసము లేని భోజనమే వింతయైన ఆ దేశమున శాకాహార సంఘమునకు ఆమె కార్యదర్శిగా పనిచేసిరి. స్త్రీలకు వోటు కావలెనని పోరాడి ఇంగ్లండు చెరను, ఐర్లండు చెరను చవిచూచిరి. వేలూరు చెర 1932లో మనవారికొరకు. 1915లో దంపతులు మన దేశమునకు వచ్చిరి. జేమ్స్ గారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్ల సాహిత్యము బోధించిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట విడిసి, ఒక రాత్రి విద్యార్థుల సభలో జనగణమన పాడెను. మార్గరెట్ గారు ఆ స్వరమును వ్రాసికొనిరి. ఆ నెల 28వ తేదీన కవియే ఆ గీతమును ఇంగ్లీషున వ్రాసియిచ్చెను.

ఈ సమాధానమును మేము పుస్తకములలో వెదకుటకు కారణము కార్డు కాదు. అది తట్టలో నిద్రించుచున్నది. ఐర్లండు రేడియోను గూర్చి ఒక ప్రసంగము సిద్ధము చేయవలసివచ్చి, అందుకై చదువుచుండగా మదనపల్లె పేరు తగిలినది. తగిలినంతనే కార్డు జ్ఞప్తికి వచ్చినది.

ఐర్లండు రేడియోనుండి మనకేమి కావలెనని మీరడుగవచ్చును. ఆ దేశమున జనసంఖ్య అరకోటి. మన రాష్ట్రములో పదవ పాలు. 1926 జనవరి 1న డబ్లిన్ నగరమున వారి ప్రసారములు మొదలైనవి. ప్రారంభోపన్యాసము చేసిన డగ్లస్ హైడ్ పండితుడు తరువాత ఆ దేశపు తొలి అధ్యక్షుడైనాడు. అంత గంభీరముగా పుట్టిన రేడియో రానురాను అరుగుమీది ముచ్చటగా మారినది. గే బర్న్ అను ప్రసారకుడు 1973 మొదలు 1998 వరకు ఉదయపు వేళ శ్రోతల ఉత్తరములు చదువుచు, వారితో ఫోనులో మాటలాడుచు ఒక కార్యక్రమము నడిపెను. 1985లో లైవ్‌లైన్ అను మరియొకటి మొదలైనది. దానిని మొదట మేరియన్ ఫినుకేన్, 1999 నుండి 2025 వరకు జో డఫీ నడిపిరి. ఇంటి చిట్కాలు, అంగడిలో జరిగిన మోసము, పొరుగువారి తగవు, ఏది వచ్చిన అది. 1985 వేసవిలో బాలిన్‌స్పిటిల్ అను పల్లెలో మేరీమాత విగ్రహము కదలినదని వేలజనము చూడబోయిరి. దేశమంతయు అదే ముచ్చట. నవ్వకుడు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు త్రాగుచున్నాడని మనము గిన్నెలు పట్టుకొని వరుసలలో నిలుచుంటిమి.

పాండిత్యము గలవారు ఇట్టి కార్యక్రమములను కాలక్షేపమందురు. మేమును అట్లే యనుకొంటిమి, 1984 నాటి సంగతి చదువువరకు.

ఆ సంవత్సరము జనవరి 31న గ్రానర్డ్ అను చిన్న పట్టణములో పదునైదేండ్ల బాలిక ఒకతె, ఎవరికిని చెప్పుకొనలేక, మేరీమాత గుహ చెంత చలిలో ఒంటరిగా ప్రసవించినది. బిడ్డయు తల్లియు బ్రతుకలేదు. ఊరు నోరు మెదపలేదు. కాని గే బర్న్ కార్యక్రమమునకు ఉత్తరములు రాసాగినవి. ఆ పిల్లను గూర్చి కాదు, తమను గూర్చి. తామును అట్లే దాచుకొంటిమని, అట్లే పోగొట్టుకొంటిమని, ఇన్నియేండ్లు ఎవరితోను అనలేదని స్త్రీలు వ్రాసిరి. ఫిబ్రవరిలో ఒక ఉదయము ఆ ఉత్తరములను, వ్యాఖ్యానము లేకుండ, దాదాపు ఒక గంటసేపు చదివిరి. ఆ దేశమువారు ఆ గంటను నేటికిని మరువలేదు.

ఆ స్త్రీలు ప్రభుత్వమునకు వ్రాయలేదు, పత్రికల సంపాదకులకు వ్రాయలేదు. ప్రతి ఉదయము చిన్న సంగతులను విసుగులేక వినిన మనిషికి వ్రాసిరి. పెద్ద సంగతి చెప్పుకొనగల చోటు అదియే యని వారికెట్లు తెలిసెను? చిన్న సంగతులను అచ్చట నవ్వి త్రోసివేయలేదు గనుక. మన రేడియోలోను ఈ మర్యాద లేకపోలేదు. ఉషశ్రీగారు ధర్మసందేహములు చెప్పిన కాలమున ఎంత చిన్న ప్రశ్ననైనను చదివి సమాధానమిచ్చిరి. జహీరాబాదు దాపున మాచునూరులో 2008 అక్టోబరున మొదలైన సంగం రేడియోలో పల్లె స్త్రీలు తమ విత్తనములను గూర్చి, వంటలను గూర్చి తామే మాటలాడుచువచ్చిరి. మర్యాద మరచినది మా తట్ట.

ఇది చదివిన సాయంకాలము మేము కొత్తకోట కార్డును వెదకి తీసితిమి. దొరసాని ప్రశ్నను మరల చూచుకొనుటకే. అప్పుడు కనబడినది: కార్డు అంచున, నిలువుగా, చీమతలకాయలంత అక్షరములు. చోటు చాలనప్పుడు మనవారందరును వ్రాయునట్లే వ్రాసినది. ఐదు నెలల క్రిందట మేము కార్డును ప్రక్కకు త్రిప్పలేదు.

"నాలుగు, మాకు తెలిసినోళ్ళింట్లో పిల్లకు పద్నాలుగు. పెండ్లి చేస్తా ఉండారు. ఇట్లాంటిది రేడియోలో మాట్లాడొచ్చునా?"

మరునాడే బయలుదేరితిమి. కార్డుమీద చిరునామా యుండెను. బస్సు దిగి, అడిగి, ఇల్లు చేరితిమి. ఆమె మమ్ము కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చినది. ఏల వచ్చితిమో చెప్పితిమి. కొంతసేపు మాటలాడలేదు.

"శ్రావణంలోనే అయిపాయ సామీ" అన్నది. "బాగా చదువుతా ఉండె పిల్ల. మా పాపతోనే ఇస్కూలుకు పొయ్యేది."

1098 అను బాలల సహాయ సంఖ్యకు ఫోను చేయకపోతివేమమ్మా యని అడిగితిమి. అడుగుచుండగనే మా ప్రశ్న మాకే చవుకగా తోచినది.

"ఆ నంబరు మీరే చెప్తా ఉంటారు గదా, నాకూ నోటికి వచ్చు. నంబరు చెప్పేది వేరే, మాట్లాడేది వేరే. మాకు కావాల్సిన వాళ్ళు సామీ. ఇట్ల చేస్తే పిల్లకు ఏమవుతుందో రేడియోలో ఎవురన్నా మాట్లాడితే, నేను వాళ్ళమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టి ఇనిపిస్తామని అనుకుంటి. నేను చెప్తే ఇనదు. రేడియో చెప్తే ఇంటుందేమో."

కజిన్స్ గారు ముందు నిలిచి నడిపింప 1927లో పూనాలో మొదలైన అఖిల భారత మహిళా సభ, బాల్యవివాహములను నిషేధింపవలెనని పట్టుపట్టినది. 1929లో శారదా చట్టము వచ్చినది. ఆనాడు ఆడపిల్లకు నిర్ణయించిన ఈడు 14. 1978లో అది 18 అయినది. 2006 చట్టమున కూడ అంతియే. శాసనము ఇంతకాలము నడిచి వచ్చిన మార్గమును మేము రేడియోలో అనేకమారులు వర్ణించియున్నాము, మంచి తెలుగులో. అది ఆ యింటి ప్రక్కింటిలో ఎవరును వినలేదు. వినవలసిన తల్లిని చెంత కూర్చుండబెట్టుటకు ఒక స్త్రీ సిద్ధముగా నుండెను. ఆమె మమ్ము కోరినది ఒక్క అరగంట. మేము మొదటి మూడు ప్రశ్నలను గాలిలోనికి పంపియుండినచో, నాలుగవదానికై కార్డును త్రిప్పియుండెడివారము. ఆమె ఆ మూడింటిని ఏల ముందు వ్రాసినదో ఇప్పుడు ఊహింపగలము. ఉన్నారా లేరా యని తలుపు తట్టి చూచినది.

అధికారులకు తెలుపవలసినది తెలిపితిమి. అంతకు మించి ఆ పిల్లను గూర్చి ఇచ్చట చెప్పము.

తిరిగి వచ్చునప్పుడు ఆమె పాప మమ్ము బస్సుదాక సాగనంపినది. దొరసాని ఐరిష్ ఆమెయే, పందెము నీదేయని చెప్పితిమి. పందెమెంత యని అడుగగా ఐదు రూపాయలన్నది. అమ్మ ఇంకను ఇవ్వలేదట, రేడియోలో చెప్పిననాడు ఇత్తునన్నదట. బస్సు కదలబోవుచుండగా కిటికీ దగ్గరకు వచ్చి, "సార్, చెట్టు సంగతి ఎప్పుడు చెప్తారు?" అని అడిగినది.

చెట్టు సంగతి, కొండ సంగతి, టమోటా సంగతి నేడు చెప్పితిమి. నాలుగవ సంగతి వచ్చే గురువారము రాత్రి ఇదే సమయమునకు. మాటలాడువారు ఒక వైద్యురాలు, ఒక ఉపాధ్యాయిని, పదునాలుగవ యేట పెండ్లియై నేడు నలుబదియేండ్లున్న ఒక తల్లి. అరగంట. ప్రక్కింటివారిని పిలుచుకొనుటకు వీలుగా ముందే చెప్పుచున్నాము.

కుక్కలను గూర్చి వ్రాసిన పెద్దమనిషికి మనవి: మీ ఉత్తరమును కూడ తట్టనుండి తీసి, నాలుగు ప్రక్కలను త్రిప్పి చూచితిమి. కుక్కలే యున్నవి. పశువైద్యుని అడుగుచున్నాము.