వరద తాకని కర్మాగారం ఎందుకు ఆగింది?

ముడిసరుకు పుట్టిన చోటి నుంచి తయారైన వస్తువు వాడకందారు చేతికి చేరేదాకా సాగే ఉత్పత్తి, నిల్వ, రవాణా, అమ్మకాల వరుసను సరఫరా గొలుసు అంటారు. సరుకు ఎంత తక్కువ ఖర్చుతో, ఎంత తక్కువ నిల్వతో, ఎంత సకాలంలో అందుతున్నదన్నదే చాలాకాలంగా దాని పనితీరుకు కొలమానంగా ఉంది. వాతావరణ మార్పు ఆ కొలమానంలోని లోటును బయటపెడుతున్నది.

2011లో రుతుపవన వర్షాలకు తుపానులు తోడై థాయిలాండ్‌లోని చావో ఫ్రాయా నదీ మైదానాన్ని ముంచెత్తగా, అక్టోబరులో అయుత్థయ, పథుమ్ థాని ప్రాంతాల్లోని ఏడు పారిశ్రామికవాడలు నీట మునిగాయి. అయుత్థయలోని హోండా కార్ల కర్మాగారంలో ఉత్పత్తి 2012 మార్చిలో గాని తిరిగి మొదలుకాలేదు. టయోటా కర్మాగారాల్లోకి నీరు రాకపోయినా, విడిభాగాలు సరఫరా చేసే సంస్థలు మునగడంతో అక్కడా పని ఆగింది. ఆ భాగాల మీద ఆధారపడిన ఉత్తర అమెరికా కర్మాగారాలు సైతం ఉత్పత్తి తగ్గించుకోవలసివచ్చింది. కంప్యూటర్లలో సమాచారాన్ని భద్రపరిచే హార్డ్ డిస్కుల తయారీలో పెద్ద భాగం అప్పట్లో ఆ దేశంలోనే జరుగుతుండడంతో ప్రపంచమంతటా వాటికి కొరత ఏర్పడి ధరలు పెరిగాయి. మొత్తం నష్టాన్ని ప్రపంచ బ్యాంకు దాదాపు 4,600 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది.

జలాశయాల నిర్వహణ, వరద మైదానంలో వెలసిన కట్టడాలు కూడా ఆ విపత్తుకు కారణాలే గనుక భారమంతా వాతావరణ మార్పుపై మోపడం సరికాదు. అయితే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి, భూమి వేడెక్కేకొద్దీ కుండపోత వానల ముప్పు పెరుగుతుంది. ఆ ముప్పును వాన తీవ్రతతో పాటు, వాన పడే చోట ఏమున్నాయి, అవి ఎంతవరకు తట్టుకోగలవు అన్నవి కూడా నిర్ణయిస్తాయి.

అందువల్ల సరఫరా గొలుసు పనితీరును లెక్కించేటప్పుడు ఖర్చుతో పాటు కోలుకునే కాలాన్ని, అంటే దెబ్బతిన్న తర్వాత మామూలు స్థితికి చేరడానికి పట్టే గడువును కూడా చేర్చడం అవసరం. ఒకే నదీ మైదానంలో ఉన్న ఇద్దరు సరఫరాదారులు వరద వేళ ఒక్కరితో సమానం. ప్రత్యామ్నాయం వేరే పరీవాహక ప్రాంతంలో ఉన్నప్పుడే అది నిజమైన ప్రత్యామ్నాయం. కీలక భాగాల నిల్వకు, అదనపు సరఫరాదారులకు అయ్యే వ్యయం వృథా కాదు, భద్రతకు చెల్లించే మూల్యం. దానిని చిన్న సరఫరాదారుల మీదకు నెట్టకుండా, గొలుసు వల్ల అధిక లాభం పొందే పెద్ద సంస్థలే భరించడం న్యాయం.