మా బందరు – కొన్ని తలపులు

(వార్షిక మహాసభలో చదివిన యుపన్యాసము)



సభాకార్యములు నడుపువారు నన్ను మాటలాడుమని కోరినపుడు నేను చెప్పదగినదేమి కలదని సంశయించితిని. నేను పండితుడను గాను, పదవులందున్నవాడను గాను. పుట్టినది బందరు, పెరిగినది బందరు, ఉద్యోగరీత్యా కొన్నియేండ్లు పైయూళ్లలో నున్నను తుదకు తిరిగి చేరినది బందరే. కావున నేనెఱిగిన యూరినిగూర్చి నాలుగు మాటలు చెప్పి కూర్చుండెదను. సంఘచరిత్రమును, తీర్మానములను నాకంటె బాగుగ నెఱిగినవారు వేదికమీదనే కలరు.

బందరు అనగా పారసీకభాషలో రేవు. ఊరిపేరే రేవైనను, మా తరమువారు రేవును పేరునందు తప్ప కంట చూచినది తక్కువ. సముద్రము ఒడ్డున లోతులేనిది. పూర్వము పెద్దయోడలు దూరమున లంగరు వేసి, పడవలమీద సరకు దింపవలసివచ్చెడిది. అయినను గోలకొండ ప్రభువుల కాలమున ఈ రేవే తూర్పుతీరమునకు తలవాకిలి. ఒలందావారు వచ్చిరి, 1611వ సంవత్సరమున ఆంగ్లేయులు వచ్చి కోఠీ పెట్టిరి, ఫ్రెంచివారును వచ్చిరి. 1759లో ఫోర్డు దొర ఫ్రెంచివారి చేతినుండి ఈ కోటను పట్టుకొనెను. వీరందఱు ఇంతదూరము వచ్చినది మా సముద్రపుగాలి పీల్చుటకు గాదు, మా గుడ్డకొఱకు. ఆ గుడ్డ సంగతియే నేను చెప్పదలచినది. తక్కినదంతయు దానికి తోవ.

సముద్రము మాకు అన్నము పెట్టినది, మమ్ము మ్రింగినది కూడ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ఊరిమీదికి వచ్చి సుమారు 30,000 మందిని తీసికొనిపోయినది. చిన్ననాట మా యింటిలో పెద్దలు ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తరువాత’ అని కాలమును లెక్కించుట వినియుంటిని. అది తాతలనాటి మాటయనుకొంటిని. 1977 నవంబరు 19న దివిసీమమీద పడిన ఉప్పెన ఆ మాటను మాకును ఇచ్చినది. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. సొర్లగొంది వంటి గ్రామములను చూచి వచ్చినవారు చాలదినములు అన్నము ముట్టలేదు. దానిని వర్ణింపను. ఈ సభలో ఆ రాత్రి తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములవా రుందురు.

ఇట్టి ఊరు ఊరకుండక 1902లో కృష్ణాపత్రికను, 1910లో ఆంధ్రజాతీయకళాశాలను, 1923లో ఆంధ్రాబ్యాంకును కన్నది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గారల పేర్లు మీకు క్రొత్తగాదు. చదువుతోపాటు చేతిపని నేర్పవలెనన్నది ఆ కళాశాల సంకల్పము. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న వేఱొక బ్యాంకులో కలిసిపోయినది. బోర్డు మార్చిన దినమున నేను ఎదుటి అరుగుమీద నిలిచి చూచితిని. లెక్కలలో నాకు నష్టము లేదు. పాసుపుస్తకము మారినది, అంతియే. అయినను ఇంటికి నడిచిపోవునపుడు ఎవరినో సాగనంపి వచ్చినట్లుండెను.

ఇక అద్దకము. కలంకారీ అని లోకము పిలుచుచున్నది. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు, మా బందరు పెడనలలో టేకు అచ్చులతో అద్దుదురు. చూచువారికి రంగు కనబడును గాని పని కనబడదు. గుడ్డను పేడనీట నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లబఱతురు. కరక్కాయయు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. తుప్పుపట్టిన యినుపముక్కలు బెల్లపునీటిలో కొన్నివారములు ఊరినపిదప వచ్చు కషాయము కరక్కాయ పట్టిన గుడ్డకు తగులగానే నల్లనగును. ఎఱుపునకు పటిక. పటికనీరు అద్దినచోట అప్పటికి ఎఱుపు జాడయే యుండదు. కొన్నిదినములు విడిచి, పాఱునీట జాడించి, వేరుతో కాగులో కాచినపుడు మాత్రమే పటిక తగిలినచోట్ల ఎఱ్ఱదనము పైకి లేచును. చిన్నతనమున నేను ఆ కాగుచెంత కూర్చుండి తెల్లగుడ్డ పూలు పూయుట చూచి, పెదతాతగారు మంత్రము చదివిరని నమ్మితిని.

పూర్వము ఆ వేరు చిరివేరు. గుల్లలు కలిసిన సముద్రతీరపు ఇసుకనేలలలో మొలచునట్టిది. ఆ యెఱుపును చూచి ఐరోపావారు మతిపోగొట్టుకొనిరి. తమ నేతగాండ్రు చెడిపోవుదురని 1686లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ గుడ్డలను నిషేధించెను. ఆంగ్లేయులు 1700లో ఒకటి, 1721లో మఱియొకటి శాసనములు చేసిరి. ఒక యూరి రంగునకు భయపడి రెండు రాజ్యములు చట్టములు చేసినవని నేడు మన పిల్లలకు చెప్పిన నవ్వుదురు. తరువాత యంత్రముల గుడ్డ వచ్చి, చట్టము చేయలేని పనిని చేసినది.

నేడు యంత్రము మఱియొక వేషమున వచ్చినది. తెరలమీద రసాయనపు సిరా పోసి ఒక్కదినమున వందలగజములు అద్ది, వానికిని కలంకారీయనియే పేరు పెట్టి అమ్ముచున్నారు. మచిలీపట్టణపు కలంకారీకి భౌగోళికచిహ్నపు రక్షణ కలదు. అంగడిలో బేరమాడు ఇల్లాలికి ఆ చిహ్నము కనబడదు, ధర కనబడును. ఆమెను నేను నిందింపను. పండుగకు మన యిండ్లలో కొన్నవి ఏవో మనకు తెలియును.

నీటిసంగతి వేఱు. ఈ పనికి పాఱునీరు కావలెను. నిలువనీట జాడించిన, విడిచిన రంగు మరల గుడ్డకే పట్టును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. వచ్చిన దినములలోను పైయూళ్ల మురుగు కలిసి వచ్చుచున్నది. అద్దకపువారిని అడిగితిని: “ఏమి కావలెను?” అని. ‘బిరుదులు’ అని ఒక్కరును అనలేదు. “నీళ్లండీ,” అనిరి. 2023లో క్రొత్తరేవు పనులు ఆరంభమైనవి. రేవు వచ్చుట నాకు సంతోషమే; బందరుకు పేరు సార్థకమగును. ఆ రేవునుండి ఓడనెక్కుటకు మా గుడ్డ ఉండునా యన్నదే నా దిగులు.

ఇంతవఱకు ఇతరుల తప్పులు చెప్పితిని. ఇక నాది.

మా పెదతాతగారికి అద్దకపుశాల యుండెడిది. ఆయన పోయినపిదప అది మూతపడి, అచ్చులన్నియు మా వంటయింటి అటుకపై చేరినవి. కొన్నియేండ్ల క్రిందట ఇల్లు బాగుచేయించునపుడు ఒక వర్తకుడు వచ్చి, వానిని తూకమునకు అడిగెను. చెదలు పట్టుచున్నవి గదా యని నేను ఒప్పుకొంటిని. బస్తాలలో పోసికొని పోయెను. ఆ సొమ్ముతో ఒక గది గచ్చు చేయించితిని. తరువాత పట్టణమున ఒక పెండ్లికి పోయినపుడు, విడిదియిచ్చిన హోటలు గోడమీద దీపముల నడుమ బిగించిన చెక్కముక్కలలో ఒకదానిని గుర్తుపట్టితిని. చిలుకయు మామిడిపిందెయు కలిసిన అచ్చు. దాని అంచున పెదతాతగారు కత్తిమొనతో గీసిన గుర్తు అట్లేయున్నది. పెండ్లిభోజనము రుచింపలేదు.

ఇంటికి వచ్చి అటుక వెదకగా మూలను పదునొకండు అచ్చులు మిగిలియున్నవి. వానిని సంచిలో వేసికొని పెడనలో నొక వృద్ధుడైన పనివానియొద్దకు పోయితిని. ఆయన ఒక్కొక్కటి త్రిప్పి చూచి, నేలమీద వరుసగా పెట్టి, “అన్నీ నింపుడు అచ్చులేనండి బాబుగారూ. గీత అచ్చులు పోయాయి. గీత లేకుండా నింపుడెక్కడ పెడతామండీ?” అనెను. ఒక్క పూవునకు గీతకు ఒకటి, నలుపునకు ఒకటి, ఎఱుపునకు ఒకటి అచ్చు వేఱువేఱుగ నుండుననియు, జత చెడిన తక్కినవి వట్టి కొయ్యయనియు నాకు ఆ దినమున తెలిసినది. కాగుచెంత కూర్చుండి పెరిగినవాడను; ఇంతమాత్రము తెలిసికొనలేదు.

నేను లేవబోవుచుండగా ఆయనయే ఒక తోవ చెప్పెను. అచ్చు పోయినను, దానితో అద్దిన గుడ్డ ఎక్కడనైన దొరకిన, దానిపైనుండి గీత తీసి క్రొత్తగా చెక్కవచ్చునట. మా మేనత్తగారి పాతబొంతలో అడుగుపొరగా ఒక దుప్పటిముక్క దొరకినది. విప్పి చూడగా చిలుక తలయు ఒక రెక్కయు మాత్రమే మిగిలినవి. ఆయన ఆ ముక్కను అద్దమువలె జాగ్రత్తగా పట్టుకొని, “తోక దొరికితే చెక్కిస్తాను” అనెను.

పెదతాతగారి గుడ్డలు ఆ దినములలో గుడివాడ, ఏలూరు, తెనాలి అంగళ్లకు పోయెడివి. మన కులమువారి యిండ్లలో పెండ్లిసారెలలోను పెట్టిరని మా యమ్మగారు చెప్పెడిది. ఈ సభకు ఆ యూళ్లనుండి వచ్చిన తల్లులు చాలమంది కలరు. మీ భోషాణముల అడుగున, బొంతల లోపల, దేవునిగూటి వెనుక ఎఱ్ఱని చిలుకయు మామిడిపిందెయు గల పాతగుడ్డ యున్నయెడల, చిరిగినదని పాఱవేయక నాకొక కబురు పంపుడు. గుడ్డను నాకు ఈయనక్కఱలేదు. ఆ వృద్ధుని వెంటబెట్టుకొని నేనే మీ యింటికి వచ్చి, కాగితముమీద గీత తీయించుకొని, గుడ్డను మడతపెట్టి మీ చేతికిచ్చి పోయెదను.