కొలువు ముందు ఖాళీ జాగా



స్వర్ణోత్సవ వేళ చదువు చెప్పినవారిని తలుచుకోవడం రివాజు. నేను బడిలో చేరకముందే నాకు చదువు మొదలుపెట్టిన మా అమ్మను ఈ సభలో తలుచుకోవాలనుకుంటున్నాను. ఆవిడ అయిదో తరగతితోనే బడి మానేసింది. మాకు లెక్కలూ ఎక్కాలూ చెప్పలేదు. చేతులతో వస్తువులు చేయనిచ్చింది.

మన బెజవాడలో సంక్రాంతికి చాలా ఇళ్లలో బొమ్మల కొలువు పెట్టేవారు. మా ఇంట్లో పై మెట్ల మీద కొండపల్లి బొమ్మలు ఉండేవి. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే మనిషి. వాటిని అమ్మే సర్దేది. కొలువు ముందు నేల మీద చాపంత జాగా మాత్రం మాకు వదిలేసేది. "ఇది మీది. ఏం కడతారో కట్టండి. కొన్న వస్తువు మాత్రం పెట్టకూడదు" అనేది. అదొక్కటే షరతు.

అగ్గిపెట్టెలు, రేకు డబ్బా మూతలు, కొబ్బరి ఈనెలు, అరటి దొప్పలు, కాలవ గట్టు మట్టి మా సరంజామా. మెంతులు చల్లితే పండగనాటికి పచ్చటి పొలం తయారు. జిగురుకు చింతగింజల పిండి ఉడికించి ఇచ్చేది. కొండపల్లి పనివాళ్లు తెల్లపొణికి కర్ర ముక్కల్ని అతకడానికి వాడే మక్కు కూడా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిందే. పైనున్న ఏనుగూ, కిందున్న మా అగ్గిపెట్టెల ఇల్లూ చింతగింజ బలంతోనే నిలబడ్డాయని అమ్మ చెబితే మాకెంత గర్వమో!

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు ప్రకాశం బ్యారేజీ కట్టాం. ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, రేకు ముక్కల్ని తలుపుల్లా బిగించాం. నీళ్లు పోయగానే తలుపులన్నీ తెరుచుకున్నాయి. పొలం మునిగింది, చాప తడిసింది. మర్నాడు పేరంటం. "పబ్లిక్ పరీక్షలు ముందు పెట్టుకుని ఈ బురదేమిటి, ఎత్తిపారేయండి" అన్నారు నాన్నగారు. "పేరంటాళ్లు బురద చూసి పారిపోరు లెండి" అంది అమ్మ. ఎవరు చెడగొట్టారని మమ్మల్ని అడగలేదు. "నీళ్లు ముందు ఎక్కణ్ణించి తోసుకొచ్చాయో చూశారా?" అని అడిగింది.

సాయంత్రం బ్యారేజీ మీదికి నడిపించుకెళ్లి 70 గేట్లూ లెక్కపెట్టించింది. "ఒక్కటైనా మన వీధి తలుపులా తెరుచుకునేలా ఉందా?" అంది. లేదు. గేటు స్తంభాల గాడిలో పైకీ కిందికీ జరుగుతుంది. నీటి తోపుడును ఆ స్తంభాలు కాసుకుంటాయి. ఆ రాత్రి వెదురు బద్దలతో గాళ్లు చేసి రేకుల్ని అందులో దింపాం. నీళ్లు నిలిచాయి. కాస్త కారాయి కూడా. పేరంటాళ్లు వచ్చినప్పుడు అమ్మ ఆ కారేచోటు దాచలేదు.

పాత ఆనకట్ట సంగతి కూడా ఆ నడకలోనే చెప్పింది. 1855లో పూర్తయిన ఆ కట్టకు 1952 వరదలో గండి పడింది. అప్పుడు అమ్మ డెల్టా పల్లెలో చిన్నపిల్ల. కాలవ నీరే ఆధారమైన ఊళ్లో ఆ కబురు పెద్దవాళ్లను ఎంత బెంగపెట్టిందో ఆవిడకు గుర్తు. 1957కల్లా బ్యారేజీ లేచింది. "తెగినచోట ఏడుస్తూ కూర్చుంటే మనకు అన్నమెక్కడిదిరా?" అంది.

మేం ముగ్గురం పిల్లలం. ఎవరమూ ఇంజనీర్లం కాలేదు. అయినా పని చెడినప్పుడు నిందించడానికి మనిషిని వెతక్కుండా, కారిన చోటు వెతకడం ముగ్గురికీ అలవాటైంది. నా బ్యాంకు ఉద్యోగంలో అన్నాళ్లూ అక్కరకొచ్చింది అదే.

అమ్మ ఇప్పుడు లేదు. కొండపల్లి బొమ్మలు అక్క దగ్గర భద్రంగా ఉన్నాయి. మేం కట్టినవి ఒక్కటీ లేవు. వచ్చే ఏడు కొత్తది కట్టాలంటూ పండగ వెళ్లగానే మా చేతే విప్పించేసేది.

ఇవాళ ప్రాజెక్టు అనగానే పిల్లలు దుకాణంలో తయారుగా దొరికే నమూనా తెస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. కట్టుకోవడానికి జాగా లేదు, చెడగొట్టుకోవడానికి వ్యవధి లేదు. మన సంఘం బడికి స్వర్ణోత్సవ కానుక ఇవ్వాలనుకుంటోంది కదా, ఒక గది ఇద్దాం. అందులో పెద్ద బల్ల, సుత్తి, చేతి రంపం, మేకులు, తుక్కు సామాను ఉంటే చాలు. వారానికి రెండు పీరియడ్లు, మార్కులు లేకుండా.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపం. అక్కడ పిల్లలు కట్టింది కూలితే మీరు సరిచేసి ఇవ్వకండి. ఎక్కడ కూలిందో వాళ్లనే చూడమనండి. గదికి ఎవరి పేరూ అక్కర్లేదు. ఖర్చులో నా వంతు ఈ రోజే సంఘానికి అందజేస్తున్నాను.