కోడిపిల్లలకు ఏ మేత పెట్టవలెను?

(హోసూరు ప్రాంతపు తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన యిండ్లలో పెరటికోళ్లు స్త్రీల సొత్తు. గ్రుడ్లమ్మిన డబ్బు బిడ్డల పుస్తకములకును పండుగ ఖర్చులకును అక్కరకు వచ్చును. కావున పొదిగిన పది పిల్లలలో ఆరు చచ్చుట చిన్న నష్టము కాదు. గ్రద్దకును పిల్లికిని పోవునవి పోగా, మేతచేటు వలన పోవువానినైనను మనము కాపాడుకొనవచ్చును.

మా అంగడికి వచ్చి “కోళ్ల మేత ఒక మూట” అని యడుగువారే హెచ్చు. ఏ వయసు కోళ్లకని మేము మరల అడుగవలసి వచ్చును. మూటపై చీటి తెలుగున నుండదు. పెద్దలు చదువలేనిచో బడిలో తమిళము నేర్చుచున్న మనుమలచేత చదివించుకొనుడు. గ్రుడ్లు పెట్టు కోళ్ల మేతలో కాల్షియము నూటికి 3 పాళ్లకు మించి యుండును. పిల్లకు కావలసినది సుమారు 1 పాలు. మిక్కిలియైన కాల్షియము లేత మూత్రపిండములను చెరచును. కావున 8 వారముల వరకు మాంసకృత్తులు నూటికి 20 పాళ్లున్న పిల్లల మేతయు, పిమ్మట తొలి గ్రుడ్డు వరకు సుమారు 16 పాళ్లున్న ఎదుగు కోళ్ల మేతయు పెట్టవలెను. చీటిపైని వారముల లెక్క ఫారము కోళ్లది. నాటు పెట్ట ఆలస్యముగా గ్రుడ్డుకు వచ్చును. దానికి తొలి గ్రుడ్డే గుర్తు.

తల్లులు, పిల్లలు కలసి తిరుగు పెరటిలో ఇది యెట్లు సాగునని యడుగుదురు. అందరికి ఎదుగు కోళ్ల మేతయే వేసి, ఆల్చిప్పల పొడిని వేరొక మూకుట నుంచుడు. గ్రుడ్లు పెట్టు కోడి తనకు వలసినంత తానే తినును. మరీ చిన్న పిల్లల మేతను, అవి మాత్రమే దూరగల సందులున్న గంప క్రింద పెట్టవలెను.

రాగులు, నూకలు మంచివే, కాని వానితోనే పిల్ల యెదుగదు. చెదలు చేర్చిన మేలు. పాత కుండలో ఎండుపేడ, గోనెముక్కలు నింపి, తడిపి, చెదలున్న చోట బోర్లించినచో తెల్లవారుసరికి అవి చేరియుండును. కాసు ఖర్చు లేదు!

వేరుసెనగ చెక్క విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. 1960లో ఇంగ్లండున బూజుపట్టిన వేరుసెనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చెను. అఫ్లాటాక్సిన్ అను ఆ విషము ఎండబెట్టినను, ఉడికించినను పూర్తిగా పోదు. ముక్కవాసన వేయు చెక్కను, గడ్డకట్టిన మేతను పారవేయుడు. ‘కోళ్లకేగదా’ యని పెట్టవలదు.

మేము మూటలమ్మువారమే, అయినను చెప్పుచున్నాము: పది పిల్లలు రెండు మాసములలో 20 కిలోలకు మించి తినుట అరుదు. 50 కిలోల మూట విప్పినచో వానకాలమున సగము బూజు పాలగును. నాలుగిండ్లవారు కలసి ఒక మూట కొని, ఆనాడే తూచి పంచుకొనుడు.