ఇరుకులో బిగిసే బంధం

 

మలినం అంటే తీసిపారేసేదే అనుకుంటాం. నేను చదివిన అర్ధవాహకాల శాస్త్రంలో మాత్రం అదే ప్రాణం. శుద్ధ సిలికాన్‌లో కరెంటు పారేది చాలా తక్కువ. చిటికెడు ఫాస్ఫరస్ కలిపితే, దాని ప్రతి పరమాణువు దగ్గరా ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది. దాన్ని విడిపించడానికి కావలసినదే బంధన శక్తి. హైడ్రోజన్‌లో అది 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికాన్‌లోని ఫాస్ఫరస్‌కు 0.045 మాత్రమే. అందుకే మామూలు గది వేడికే ఎలక్ట్రాన్ విడివడి పనిలోకి దిగుతుంది.

అదే అర్ధవాహకాన్ని కొన్ని నానోమీటర్ల పొరగా, రెండు గోడల నడుమ 'క్వాంటం బావి'గా చేస్తే? ఎలక్ట్రాన్ దూరం పోలేదు, బంధం బిగుస్తుంది. 1981లో ఫ్రెంచి శాస్త్రవేత్త జెరాల్డ్ బస్తార్ దీన్ని లెక్కకట్టారు. పొర పలచనయ్యేకొద్దీ బంధన శక్తి పెరుగుతుంది, గరిష్ఠంగా నాలుగు రెట్లు. మలినం అంచుకు జరిగితే తగ్గుతుంది. అయితే నిజమైన గోడల ఎత్తుకు హద్దుంది. పొర మరీ సన్నబడితే, చెరువుకట్టలోకి నీరు ఊరినట్టు ఎలక్ట్రాన్ గోడల్లోకి ఊరుతుంది. బంధం మళ్లీ సడలుతుంది. చిప్పులు చిన్నవవుతున్న కొద్దీ ఈ లెక్కే కీలకం.

ఏటూరునాగారం పిల్లలకు ఒక్క మాట: ఇంటర్‌లో హైడ్రోజన్ పాఠాన్ని బట్టీ పట్టకండి. ఈ లెక్కలన్నీ అక్కడే మొదలవుతాయి.